రాళ్లగూడెం జట్టుకు కప్తాన్

రామచంద్రం తాలూకా మిడిల్ స్కూల్లో డ్రిల్ మాస్టరు. నలభై ఆరేళ్లవాడు. కుడి మోకాలు పడుచుతనంలోనే చెడుగుడు ఆటలో పోయింది. అప్పటినుంచి కొంచెం కాలీడ్చి నడిచేవాడు. ఆడే కాలు పోయినా ఆటను చూసే కన్ను మాత్రం పోలేదు. ఎవరికి ఎంత దమ్ముందో, ఎవరి కాలు గీత దగ్గరకొచ్చేసరికి తడబడుతుందో ఒక్క పూట చూసి చెప్పేవాడు. ఏ ఊళ్లో పందెం జరిగినా తీర్పు చెప్పడానికి ఆయననే పిలిచేవాళ్లు. ఆట తెలిసినవాడన్న ఆ పేరంటే ఆయనకు ఇష్టం. ఇంట్లో కూర్చుని కూడా ఫలానావాడి ఆటలో ఫలానా లోపం ఉందని భార్య నర్సింగమ్మకు చెబుతుండేవాడు. ఆమె బియ్యం చెరుగుతూ వినేది.

1950 పుష్యమాసంలో తహసీల్ కచేరీ నుంచి ఆయనకు హుకుం వచ్చింది. కాముని పున్నమికి ముందు హైదరాబాదులో అన్ని జిల్లాల చెడుగుడు జట్లకు పోటీ పెడుతున్నారు. ఈ జిల్లా తరఫున రాళ్లగూడెం జట్టును పంపితే ఎట్లా ఉంటుందని పైవాళ్లు అడుగుతున్నారు. జట్టును చూసి, ఒక్కొక్కరి బలమేమిటో, లోపమేమిటో, కప్తాన్‌గా ఎవరుండాలో, ఎందుకుండాలో నెలలోగా రాసివ్వాలి. కొత్త తహసీల్దారు ఆయనను పిలిపించి కుర్చీ వేయించాడు. తానూ కాలేజీలో ఆడినవాణ్ణేనని చెప్పాడు. ఏదీ దాచకుండా రాయమన్నాడు. నిజాం కాలంలో కచేరీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడిన రామచంద్రానికి ఆ కుర్చీ చాలా రోజులు గుర్తుండిపోయింది.

రాళ్లగూడెం జట్టు ఆయనకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట హుజూర్‌నగర్ అంగడి మైదానంలో జరిగిన పందెంలో పదకొండు ఊళ్లను ఓడించిన జట్టు అది. దాని పెద్ద గాలయ్య. రెక్కాడితేగానీ డొక్కాడని ఇంట్లో పుట్టిన మనిషి. పదిహేడేళ్లప్పుడు వాగు ఇసుకలో ఆడుతుంటే చూసి, రామచంద్రమే చేరదీసి ఆట నేర్పాడు. తర్వాత్తర్వాత నేర్పడానికి తన దగ్గరేమీ మిగల్లేదని ఆయనే నవ్వుతూ చెప్పుకొనేవాడు.

ఆ పందెం గెలిచిన ఏడాదే ఊళ్లో దొరల మీద తిరగబడ్డ సంఘం పుట్టింది. గాలయ్య సంఘంలో చేరాడు. జట్టులో సగం మంది అతని వెంట పోయారు. రజాకార్లు రాళ్లగూడెం మీద పడి ముప్పై ఇళ్లు తగలబెట్టిన రోజున జట్టులోని గుర్వయ్య, అంజయ్య తూటాలకు పోయారు. ఇంకొకతను జైల్లో పడ్డాడు. గాలయ్య తుపాకీ పట్టి దళంలోకి వెళ్లాడు. యూనియన్ సైన్యం వచ్చి నిజాం సర్కారును దించాక కొందరు తుపాకులు అప్పజెప్పి ఇళ్లు చేరారు. గాలయ్య చేరలేదు. సంఘం పంచిన చెలకలను దొర మనుషులు మళ్లీ దున్నుకుంటుంటే తాను చేతులెత్తి ఎట్లా వస్తానని కబురు పంపాడట. అతని మీద వారంటు పుట్టింది. అతని కోసమనే ఊరికి కోసు దూరంలో సైన్యం క్యాంపు పెట్టింది.

పాత జట్టులో మిగిలింది ఇద్దరే. గాలయ్య తమ్ముడు పోచయ్య, కల్లు గీయడానికి తాళ్లెక్కే కాటమయ్య. కొత్తగా చేరినవాళ్లలో చెప్పుకోదగ్గవాడు రఘుపతి, ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు మేనల్లుడు.

రామచంద్రం మొదటిసారి రాళ్లగూడెం వెళ్లినప్పుడు ఎండ ఏటవాలుగా ఉంది. వాగు ఇసుకలో గీతలు గీసి ఆడించాడు. చెక్కపలక మీద కాగితం పెట్టుకుని ఉర్దూలో రాసుకున్నాడు. కచేరీ రాతలు ఇంకా ఉర్దూలోనే నడుస్తున్నాయి, ఆయన చదువు కూడా ఉర్దూలోనే సాగింది. కాటమయ్యకు మోకు పట్టిన చేతులు. మడమ చిక్కిందంటే వదలడు, కానీ తిరగడంలో ఆలస్యం. రఘుపతి కూతకు పోతే అవతలి జట్టు మొత్తం వెనక్కి జరగాల్సిందే, అంత దమ్ము. కానీ ఎప్పుడూ ఒంటరిగా ఆడతాడు. తోటివాడు పట్టుబడితే ఒక అడుగు కూడా ముందుకు వేయడు. పోచయ్య మాట్లాడడు. ఎవరెక్కడ నిలబడాలో కళ్లతోనే చెబుతాడు.

అన్నింటికంటే పెద్ద లోపం గొలుసులో ఉంది. కూతకొచ్చినవాణ్ణి చుట్టెయ్యడానికి చేయీచేయీ పట్టుకుని నిలబడే వరస అది. రఘుపతి దాని నడుమకు దూకితే మూడుసార్లూ పుటుక్కున తెగింది. గాలయ్య ఉన్నప్పుడు ఆ గొలుసు ఒక్కసారి కూడా తెగలేదు. అది అతను కనిపెట్టిన కిటుకు. వేళ్లలో వేళ్లు దూర్చకుండా మణికట్లు పట్టుకునేవాళ్లు. ఎదుటివాడు వచ్చి తగిలే క్షణంలో నడిమివాడు ఒక మోకాలు ఇసుకలో ఆనించేవాడు. అప్పుడు గొలుసు తెగకుండా ఒంగి, వచ్చినవాణ్ణి లోపలికి లాక్కునేది. ఆ మోకాలు ఎప్పుడు ఆనించాలో రామచంద్రానికి కూడా సరిగ్గా తెలియదు. గాలయ్య నోటితోనే చెప్పాలి.

తిరిగి వస్తూ ఆయన గాలయ్య ఇంటి ముందు ఆగాడు. తల్లి ఈదమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. కోడలు బిక్షమ్మ లోపల విసుర్రాయి దగ్గరున్నది, బయటికి రాలేదు. రామచంద్రం ఏమీ అడగకముందే ఈదమ్మ చెప్పింది.

"మా ఇంట్ల చిన్నోడొక్కడే ఉన్నడు సారూ. పెద్దోని ముచ్చట మాకు తెల్వది."

వచ్చిన ప్రతివాడికీ చెప్పి చెప్పి ఆ మాట అరిగిపోయి ఉంది. ఆయన నీళ్లు తాగి చెంబు ఇచ్చేసి వచ్చాడు.

ఇరవై రోజుల తర్వాత రెండోసారి వెళ్లాడు. రఘుపతి మునుపటిలాగే గొలుసు నడుమకు దూకాడు. నడుమ ఉన్న పోచయ్య ఎడమ మోకాలు ఇసుకలో దిగింది. గొలుసు విల్లులాగా వంగింది. రఘుపతి లోపల పడి, నలుగురి చేతుల్లో చిక్కి, కూత ఆగి, నవ్వుతూ చెయ్యెత్తాడు. రామచంద్రం లేచి నిలబడ్డాడు. మళ్లీ ఆడించాడు. ఐదుసార్లు ఆడిస్తే ఐదుసార్లూ గొలుసు నిలిచింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్ల కిందటి హుజూర్‌నగర్ మైదానం కళ్లకు కట్టింది.

పోచయ్యను పక్కకు పిలిచి ఎవరు చెప్పారని అడిగాడు. పోచయ్య ఇసుక దులుపుకుంటూ తలెత్తకుండా చెప్పాడు.

"ఎవలు చెప్తరు సార్? మాకు మేమే నేర్సుకున్నం."

అది అబద్ధమని ఆయనకు ఆ క్షణమే తెలిసింది. భుజం తట్టి వచ్చేశాడు. దారి పొడుగునా ఆయన మనసు గాలిలో తేలింది. గాలయ్య బతికే ఉన్నాడు. ఈ చుట్టుపక్కలనే ఉన్నాడు. ఆట మరిచిపోలేదు.

అదే వారంలో మాలీపటేలు కచేరీకి వెళ్లి, కప్తాన్‌గా తన మేనల్లుణ్ణే వేయాలని తహసీల్దారును అడిగి వచ్చాడని తెలిసింది. రామచంద్రానికి మండింది. రఘుపతి మంచి ఆటగాడే కానీ పదకొండు మందిని నడిపేవాడు కాదని ఆయన నమ్మకం. పటేలు మాటను కొట్టెయ్యాలంటే ఉత్తగా పోచయ్య పేరు రాస్తే చాలదు, గట్టి కారణం చూపించాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం గడపలో కూర్చుని రిపోర్టు మొత్తం ఒక్క బిగిన రాశాడు. అంత బాగా తానెప్పుడూ రాయలేదని రాస్తున్నప్పుడే అనిపించింది. పూర్తయ్యాక నర్సింగమ్మను కూర్చోబెట్టి, ఉర్దూలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ చదివాడు.

కాటమయ్య గురించి, రఘుపతి గురించి, మిగతావాళ్ల గురించి ఆమె తలూపుతూ విన్నది. కప్తాన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలోని చాట ఆగిపోయింది. అక్కడ ఆయన ఇట్లా రాశాడు:

"నెల కిందట ఈ జట్టు గొలుసు నడుమ తెగుతుండేది. ఈ ఇరవై రోజుల్లో అతుక్కున్నది. దాన్ని అతికిన చెయ్యి మైదానంలో లేదు. ఈ జట్టుకు ఉస్తాద్ ఒక్కడే. అతను ఎక్కడున్నా ఈ ఆటగాళ్లు అతని మాట మీదనే నిలబడతారు. అతనికి అందరికంటే దగ్గరగా ఉండి నేర్చుకున్నవాడు పోచయ్య. కాబట్టి కప్తాన్ పోచయ్యే కావాలి."

"గా ముచ్చట ఎందుకు రాసినవ్?" అన్నది నర్సింగమ్మ.

పేరు రాయలేదు కదా అన్నాడు ఆయన.

"పేరు రాయకుంటె తెల్వదా? చెరువుల చేపకు పేరుంటదా, అయినా వల ఎయ్యరా? గా నాలుగు మాటలు కొట్టెయ్. పోచయ్య మంచిగ ఆడుతడని రాస్తె సాలదా?"

ఆయన కోపపడ్డాడు. ఆటను చూసి రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయాలన్నాడు. తహసీల్దారు ఆట తెలిసిన మనిషి, ఇది ఆటగాళ్ల కాగితం, పోలీసుల కాగితం కాదన్నాడు. ఆయన మనసులో ఇంకొక ఆశ కూడా ఉంది, దాన్ని ఆమెకు చెప్పలేదు. ఇంత గొప్ప ఆటగాడు అడవిపాలయ్యాడని తెలిస్తే, వారంటు తీసేసి పిలిపించి ఆడించమని పైవాళ్లలో ఎవరో ఒకరు అనకపోతారా అనుకున్నాడు. నర్సింగమ్మ చాట తీసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే ఆయన రిపోర్టును కచేరీలో ఇచ్చి వచ్చాడు.

వారం తిరక్కముందే జవాబు వచ్చింది. జట్టు ఖాయం. కప్తాన్ పోచయ్య. ప్రతిరోజూ తప్పకుండా సాధన చేయాలి, అడిగేవాళ్లుండరు, ఎక్కడ ఆడుకున్నా అభ్యంతరం లేదు. ఆ చివరి మాట రామచంద్రానికి ఎంతో మర్యాదగా తోచింది. తానే రాళ్లగూడెం వెళ్లి చదివి వినిపించాడు. కాటమయ్య పోచయ్యను ఎత్తుకుని తిప్పాడు. రఘుపతి మొహం కొంచెం మాడింది. అయినా వచ్చి పోచయ్య చేయి పట్టుకున్నాడు. పోచయ్య ఆ కాగితాన్ని మడిచి, లోపలేముందో చదవడం రాకపోయినా, రుమాల్లో కట్టుకున్నాడు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు, బేస్తవారం, బడిలో రెండో గంట కొట్టాక తుపాకుల చప్పుడు దూరంగా వినిపించింది. నాలుగైదు సార్లు పేలి ఆగిపోయింది. పిల్లలు కిటికీల దగ్గరికి పరిగెత్తారు. రామచంద్రం వాళ్లను కూర్చోబెట్టి డ్రిల్ పుస్తకం తెరిచాడు, కానీ అందులో ఒక్క అక్షరం కనిపించలేదు. మధ్యాహ్నానికి ముచ్చట ఊరంతా పాకింది. రాళ్లగూడెం వాగు పైన, గుట్టల సందులో ఒక ఇసుక మేట ఉంది. ఆటగాళ్లు రెండు మూడు రోజులకొకసారి అక్కడికి పోయి ఆడుతున్నారట. అక్కడ గాలయ్య వచ్చి వాళ్లకు చూపిస్తుండేవాడట. జవాన్లు వారం నుంచి గుట్ట మీద మాటు వేసి, ఆ రోజు చుట్టుముట్టారు. పరిగెత్తవద్దని గాలయ్య మిగతావాళ్లకు సైగ చేసి, వాళ్లను వదిలి తానొక్కడే ఎదురు దిక్కుకు పరిగెత్తాడట. వాళ్లకు ఏమీ కాకూడదని. గుట్ట సగం ఎక్కాడు.

రామచంద్రం కుంటుకుంటూ రెండు కోసులు నడిచి రాళ్లగూడెం చేరేసరికి చావడి ముందు జనం నిలబడి ఉన్నారు. జవాన్లు శవాన్ని ఎద్దులబండి మీద తెచ్చి చింతచెట్టు కింద పడుకోబెట్టారు. పోచయ్యనూ కాటమయ్యనూ అప్పటికే క్యాంపుకు తీసుకుపోయారు. మిగతా ఆటగాళ్లు చేతులు తల మీద పెట్టుకుని గోడవారన కూర్చున్నారు. క్యాంపు అధికారి వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడిలాగే కనిపించాడు. పంచనామాకు శవాన్ని ఎవరైనా గుర్తుపట్టాలి. ఈదమ్మనూ బిక్షమ్మనూ ముందుకు పిలిపించాడు.

ఈదమ్మ వంగి చూసింది. కొడుకు మొహం మీద ఇసుక అంటుకుని ఉంది. ఆమె చెయ్యి దాన్ని తుడవబోయి మధ్యలోనే ఆగింది. గోడవారన కూర్చున్నవాళ్ల వైపు చూసింది. వీడు గాలయ్యేనని తాను ఒప్పుకుంటే, వీడికి తిండి పెట్టినవాళ్లు, వీడితో ఆడినవాళ్లు, క్యాంపులో ఉన్న చిన్న కొడుకు అందరూ నేరస్తులవుతారు. ఆ లెక్క ఆమె ఎంత సేపట్లో వేసుకున్నదో ఎవరికీ తెలియదు.

"ఎవలో నాకు తెల్వది," అన్నది.

బిక్షమ్మ నోట్లో కొంగు కుక్కుకుని తల అడ్డంగా ఊపింది.

అధికారి రామచంద్రాన్ని చూశాడు. ఎవరో చెవిలో చెప్పగానే మొహం విప్పారింది. దగ్గరికి వచ్చి ఉర్దూలో పలకరించాడు. మీరేనా మాస్టరు సాబ్ అన్నాడు. రిపోర్టు చదివానన్నాడు. ఆరునెలలుగా తాము అడవుల్లో తిరుగుతున్నామనీ, ఇతను కృష్ణ దాటి పోయి ఉంటాడని అనుకున్నామనీ చెప్పాడు. 'ఇరవై రోజుల్లో' అన్న మీ ఒక్క మాటతో మాకు దారి దొరికిందన్నాడు. ఆటను అంత శ్రద్ధగా చూసే మనిషి అరుదు అన్నాడు. మెచ్చుకుంటూ అన్నాడు. ఊరివాళ్లెవరికీ ఆ ఉర్దూ అర్థం కాలేదు. రామచంద్రానికి ప్రతి మాటా అర్థమైంది.

మీరైనా గుర్తుపడతారా అని అధికారి అడిగాడు. రామచంద్రం శవం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మోకాళ్ల మీద పాత గాయాల మచ్చలు, బొటనవేలు ఒకటి వంకర. గాలయ్యకు పదిహేడేళ్లప్పుడు ఆ వేలికి తానే గుడ్డ కట్టాడు. తెలియదని చెప్పాడు. అధికారికి వినపడక రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

అధికారి నమ్మలేదు, కానీ కాగితం మీద గుర్తు తెలియని మనిషి అని రాసుకున్నాడు. గుర్తుపట్టినవాళ్లు లేరు కాబట్టి శవాన్ని ఇంటివాళ్లకు ఇవ్వలేదు. క్యాంపువాళ్లే వాగు ఒడ్డున కాల్చేశారు. పొగ కనిపిస్తున్నా ఈదమ్మ ఇంట్లోంచి ఏడుపు వినిపించలేదు. ఏడిస్తే ఎవరి కోసమని అడుగుతారు.

ఇంటికి వచ్చాక రామచంద్రం నర్సింగమ్మకు అంతా చెప్పాడు. అధికారి మెచ్చుకున్న సంగతి కూడా చెప్పాడు. నేను చెప్పలేదా అని ఆమె అంటుందేమోనని ఎదురుచూశాడు. ఆమె కాళ్లు కడుక్కోమని నీళ్లు తెచ్చి పెట్టింది. ఆ మాట అని ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

మూడోరోజు కచేరీ నుంచి ఇంకో కాగితం వచ్చింది. పోచయ్య పేరు కొట్టేసి, రఘుపతిని కప్తాన్‌గా పెట్టి కొత్త జాబితా ఇవ్వాలి, పోటీ రోజులు దగ్గర పడ్డాయి. ఆ కాగితం చేతిలో ఉండగానే రఘుపతి బడికి వచ్చాడు. వరండా మెట్ల మీద నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. తాను హైదరాబాదుకు పోనన్నాడు. తనొక్కడే కాదు, జట్టులో ఎవరూ పోరన్నాడు. రెండు రోజులుగా మేనమామ కాళ్లు పట్టుకుని, ఆయనను వెంటబెట్టుకుని క్యాంపుకు తిరిగి, కాటమయ్యను విడిపించాడట. కాటమయ్య చేతులు వాచిపోయాయి, ఇక ఈ ఏడు తాడెక్కలేడు. పోచయ్యను మాత్రం వదిలేది లేదన్నారు, జైలుకు పంపించారు.

"మీరు నన్ను కప్తాన్ జేస్తరని మా మామ అన్నడు," అన్నాడు రఘుపతి. "నాకొద్దు సార్. గాలయ్యన్న మమ్ములందరిని ఇడిసిపెట్టి ఉరికిండు, తూటాలు మా దిక్కు రావద్దని. గది సూసినంక నేనెట్ల కప్తానయిత?"

రామచంద్రం ఆ మనిషి గురించే 'తోటివాడి కోసం ఒక అడుగు కూడా వేయడు' అని రాశాడు. ఇరవై ఏళ్లుగా తాను మనుషులను చూసిన చూపంతా ఆయనకు ఆ మెట్ల దగ్గర తప్పుగా తోచింది. జాబితా ఇవ్వలేనని కచేరీకి రాసి పంపాడు.

తర్వాత వారం ఆయన ఈదమ్మ దగ్గరికి వెళ్లాడు. పగటిపూట, ఊరివాళ్లు చేన్లల్లో ఉన్న వేళ. ఈదమ్మ గడప లోపల గోడకు చేరగిలబడి ఉంది. బిక్షమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. బిక్షమ్మ చేతులకు గాజులు అట్లానే ఉన్నాయి. చచ్చిపోయినవాడు తమవాడు కాదన్నాక తీయడానికి వీల్లేదు. రామచంద్రం కింద కూర్చుని, ఏ చుట్టుతిప్పుడూ లేకుండా చెప్పాడు. కచేరీవాళ్లు అడిగారు, తాను రాశాడు, రాసిన మాట పట్టుకుని వాళ్లు మాటు వేశారు. భార్య వద్దన్నా వినలేదు. ఇదంతా తనవల్లనే జరిగింది.

బిక్షమ్మ లేచి గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఏం రాసినవ్?" అని అడిగింది ఈదమ్మ. "నా కొడుకు మీద ఏం రాసినవో గది సెప్పు."

ఆయనకు ఆ వాక్యాలు కంఠతా వచ్చు. తెలుగులో చెప్పాడు. గొలుసు తెగిందని, అతుక్కున్నదని, దాన్ని అతికిన చెయ్యి మైదానంలో లేదని, ఈ జట్టుకు ఉస్తాద్ ఒక్కడేనని.

"ఉస్తాదంటె?"

"గురువు అవ్వా. అందరికంటె ఎక్కువ తెల్సినోడు."

"మళ్ల సెప్పు."

మళ్లీ చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. మూడోసారి కూడా చెప్పించుకున్నది. మూడోసారి చెబుతూ ఆయన మధ్యలో ఆగిపోయాడు. ఆమె ఆగింది, ఆయన తేరుకుని పూర్తిచేసేదాకా ఎదురుచూసింది.

"నా కొడుకును నా కొడుకు కాడన్న," అన్నది ఈదమ్మ. "వాని మొఖం మీది ఇసుక గూడ తుడవకపోతి. సర్కారు కాయితంల వాడు ఎవలో తెల్వనోడు. నువ్వు రాసినకాడనే వాడు మనిషి తీర్గ ఉన్నడు. గదే వాన్ని సంపింది. నేనేం జేయాలె సారూ? నిన్ను తిట్టాల్నా, నీ కాళ్లు మొక్కాల్నా?"

ఆయన తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు బిక్షమ్మ గోడ వైపు నుంచి తిరగకుండానే మాట్లాడింది. ఆమె గొంతు ఆయన అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"సిన్నోడు జైల్ల బువ్వ తింటలేడట. అన్న కాడికి నేనే పోయిన, నా ఎనుకనే వచ్చిన్రు, నేనే సంపిన అంటున్నడట. కాటమయ్య సెప్పిండు. నువ్వు వచ్చి మాకు సెప్తె మాకేం ఒరుగుతది? పోయి వానికి సెప్పు."

రామచంద్రం లేచాడు. గడప దాటి బయటికి నడిచాడు.

జైల్లో ములాఖత్ దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. నర్సింగమ్మ జొన్నరొట్టెలు, కారప్పొడి మూటగట్టి ఇచ్చింది. కటకటాల అవతలికి పోచయ్యను తెచ్చి నిలబెట్టినప్పుడు రామచంద్రం ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాడు. చెంపలు లోపలికి పోయాయి, ఊపిరి తీస్తుంటే ఎడమ పక్క పట్టుకుంటున్నాడు. పక్కన పహరావాడు నిలబడి ఉన్నాడు. ఆయన తగ్గు గొంతుతో ఉన్నదంతా చెప్పాడు. నీ వెనుక ఎవరూ రాలేదు పోచయ్యా, నేను రాసిన కాగితం వెనుక వచ్చారు అన్నాడు. ఎక్కడైనా ఆడుకోవచ్చని కచేరీవాళ్లు రాసింది కూడా అందుకేనని చెప్పాడు. నువ్వు తప్పు చేయలేదని రెండు మూడుసార్లు అన్నాడు.

పోచయ్య అంతా విన్నాడు. మొహంలో కోపం వస్తుందేమోనని రామచంద్రం చూశాడు, రావాలని కోరుకున్నాడు కూడా.

"మీరు అడిగిన్రు సార్, ఎవలు సెప్పిన్రని," అన్నాడు పోచయ్య మెల్లగా. "మాకు మేమే నేర్సుకున్నమన్న. అబద్ధం గూడ సరిగ ఆడరాలె నాకు. మా అన్నయితె మీ మొఖం సూసి ఆడెటోడు. నేను తల ఒంచుకున్న. గందుకే మీకు తెల్సిపోయింది."

కాదని రామచంద్రం అన్నాడు. కటకటాలు పట్టుకుని మళ్లీ మళ్లీ అన్నాడు. తప్పంతా తనదేనని, తనకే వదిలెయ్యమని బతిమాలాడు. పోచయ్య తల అడ్డంగా ఊపాడు. అమ్మకు తాను తింటున్నానని చెప్పమన్నాడు. వదినను ఆమె అన్నలు వచ్చి పుట్టిల్లు కేతేపల్లికి తీసుకుపోతామంటే ఆపవద్దని చెప్పమన్నాడు. రొట్టెల మూట తీసుకుని, ములాఖత్ సమయం ఇంకా ఉండగానే, ఎడమ పక్క పట్టుకుని నెమ్మదిగా లోపలికి వెళ్లిపోయాడు.

పహరావాడు రెండుసార్లు పిలిచాక రామచంద్రం బయటికి వచ్చాడు. గేటు ముందు జైల్లో ఉన్నవాళ్ల తల్లులు, పెళ్లాలు సద్దిమూటలతో వరసగా కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఒక ముసలామె ఆయనను ఆపి, లోపల తన కొడుకు కనబడ్డాడా అని అడిగింది. పేరు చెప్పి, ఎత్తుగా ఉంటాడని, కుడి చెవికి పోగు ఉంటుందని ఆనవాలు చెప్పింది. తాను చూడలేదని రామచంద్రం అన్నాడు. ఆమె నమ్మకుండా ఇంకొకసారి ఆనవాళ్లన్నీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ఆ ఎండలో నిలబడి, కదలకుండా, ఆమె చెప్పినదంతా విన్నాడు.